ఫోటో తీసేస్తే సరిపోతుందా? నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

సికింద్రాబాద్‌లో పెళ్లిళ్లు, ఫ్యామిలీ ఫోటోలు తీస్తుంటానండి. కస్టమర్లు మళ్లీ మళ్లీ అనే మాటలు కొన్ని ఉన్నాయి, వాటి గురించే ఇది.

అపోహ: అందరూ రెడీ అయి వరసగా నిలబడితేనే ఫోటో.

వాస్తవం: ఒకప్పుడు ఫోటో అంటే స్టూడియోకి వెళ్లాల్సిన పని. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ఆడవాళ్లే ఫోటోలు తీసే జనానా స్టూడియో పెట్టారు, అంటే ఇంట్లో ఆడవాళ్ల ముఖం ఒక్కటి కాగితం మీద ఉండాలంటే అప్పట్లో అంత ఏర్పాటు కావాలి. ఇప్పుడు ఫోన్ చేతిలోనే ఉంది, అయినా పెద్దకర్మకి ఫ్రేమ్ కట్టించాలని వచ్చేవాళ్లలో చాలామంది ఆధార్ కార్డు ఫోటో తెస్తారు, లేదంటే ఏదో గ్రూప్ ఫోటోలో చివర నిలబడ్డ అమ్మని క్రాప్ చేయమంటారు. ఫోన్ నిండా ఫంక్షన్ ఫోటోలే ఉంటాయి, అమ్మ ఒక్కతే ఉన్నది ఒక్కటి దొరకదు, ఎందుకంటే ఆ టైంలో ఆవిడ వడ్డిస్తూ ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు మనసు పిండేసినట్టు ఉంటుంది. అందుకే చెప్తున్నా, పోపు పెడుతున్నప్పుడు తీయండి, నాన్న పేపర్ చదువుతుంటే తీయండి. పెద్ద కెమెరా అక్కర్లేదు, ఫ్లాష్ ఆపేసి కిటికీ పక్కన కూర్చోబెడితే చాలు.

అపోహ: ఫోటోలు తీస్తూ ఉంటే ఆ క్షణాన్ని అనుభవించలేం.

ఇది సగం నిజం. లిండా హెంకెల్ అనే సైకాలజిస్ట్ మ్యూజియంలో చేసిన స్టడీ 2014లో అచ్చయింది, వస్తువుని ఊరికే చూసినవాళ్ల కంటే ఫోటో తీసినవాళ్లకి తక్కువ గుర్తుంది, కానీ ఒక భాగం మీద జూమ్ చేసి తీసినవాళ్లకి ఆ నష్టం కనిపించలేదు. కాబట్టి బోనాలప్పుడు ఊరేగింపు మొత్తం వీడియో తీస్తూ పోకుండా, బోనం పట్టుకున్న పిన్ని చేతులు చూసి, అవి తీసి, ఫోన్ జేబులో పెట్టేయండి.

అపోహ: ఫోన్‌లో ఉందిగా, ఇంకెక్కడికి పోతుంది?

ఫోన్ పోతే పోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గుతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఇంకోటి క్లౌడ్‌లోనో ఊళ్లో అక్క దగ్గరో ఉంచండి.

అపోహ: పాత ఆల్బమ్ బీరువాలో భద్రంగా ఉంది.

వాస్తవం: ప్లాస్టిక్ షీట్ లేపి అతికించే జిగురు పేజీల ఆల్బమ్ ఉంటుందే, అదే ఫోటోల్ని తినేస్తుంది, పైగా మన వానాకాలం తేమకి ఫంగస్. అతుక్కుపోయినవాటిని లాగొద్దు, ముందు ఉన్నదున్నట్టు పేజీని ఫోటో తీసుకోండి. తర్వాత అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగి రాసుకోండి, ఆవిడ చెప్తుంటే వాయిస్ కూడా రికార్డ్ చేయండి. ఫోటో వెనక బాల్ పెన్‌తో నొక్కి రాస్తే ముందువైపు అచ్చు పడుతుంది, మెత్తటి పెన్సిల్ వాడండి, పెన్సిల్ పట్టని నున్నటి కాగితమైతే ఆల్బమ్ పేజీ మీదే రాసేయండి.