వరద, ముంపు, ఉప్పెన: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో వార్తలు దిద్దడం నా పని. వానాకాలం వచ్చిందంటే నీళ్లు కనిపించిన ప్రతిచోటా ‘వరద’ అని రాసిన కాపీలే డెస్క్‌కు వస్తాయి. ఆ మాట చూసే ఏటిగట్టు ఊళ్లలో గొడ్డూగోదా తోలుకెళ్లాలా, ఇంకాస్త ఆగాలా అని ఆలోచిస్తారు.

అపోహ: ఇక్కడ వాన లేకపోతే వరద రాదు.
వాస్తవం: వంశధార, నాగావళి రెండూ ఒడిశాలో పుట్టినవే. అక్కడ కుండపోతగా కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తున్నా వంశధార మీది గొట్టా బ్యారేజీ దగ్గర నీటిమట్టం పెరుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. గాలి తగ్గిందిలే అనుకునేలోపు పైన కురిసిన వానలకు వంశధార పొంగింది.

అపోహ: వరదన్నా ముంపన్నా ఒకటే.
వాస్తవం: నది మామూలు కన్నా ఎత్తున పారితే వరద. నీరు పొలంలోనో వీధిలోనో నిలిచిపోతే ముంపు. వరద గట్లు దాటకుండానే సముద్రంలో కలిసిపోవచ్చు. నదితో పనిలేకుండా, కాలువ పూడిపోయి వరి మునగొచ్చు. హిరమండలం వైపు ఇంకో చిక్కు ఉంది. అక్కడ ‘ముంపు గ్రామం’ అంటే వంశధార రిజర్వాయరు కింద పోయిన ఊరు. ‘ముంపు గ్రామాల్లో ఆందోళన’ అని శీర్షిక పెడితే కొందరికి వరద గుర్తొస్తుంది, కొందరికి పరిహారం. అందుకే నేను ‘నిర్వాసిత గ్రామాలు’ అని మారుస్తాను.

గెడ్డ, అంటే కొండవాగు, పొంగినా వరదే అంటున్నారు. ‘గెడ్డ పొంగింది’ అన్న మన మాటే నయం. కొండ మీద గట్టి వాన పడితే చాలు, చూస్తుండగానే పొంగుతుంది, అంతే తొందరగా తగ్గుతుంది. నదికి ఇచ్చినట్టు మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అంటూ దానికి ఉండవు. మోకాలి లోతేగా అని బండి దించేదీ అక్కడే.

అపోహ: పెద్ద వరదనే ఉప్పెన అంటారు.
వాస్తవం: ఉప్పెన సముద్రానిది. తుపాను గాలికి సముద్రపు నీరు నేల మీదికి ఎక్కడం. 1977 నవంబరులో దివిసీమను ముంచింది అదే. నాగావళి ఎంత పొంగినా ఉప్పెన కాదు. కళింగపట్నం దగ్గర మాత్రం రెండూ కలవొచ్చు: సముద్రం ఎగదన్నితే వంశధార నీరు దిగదు.

ఇక ‘బ్యారేజీలో 50 వేల క్యూసెక్కుల నిల్వ’ అని రాసేస్తారు, అది తప్పు. క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపుటడుగు, సుమారు 28 లీటర్ల ప్రవాహం. నిల్వకు టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) చెప్పాలి. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. ఈ రెండూ కలిపేసిన కాపీని మాత్రం నేను దిద్దను, రిపోర్టరుకే తిప్పి పంపుతాను.