మెమరీ ఫోమ్ పరుపు ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

వారంటీ కింద వెనక్కి వచ్చిన పరుపుల కవర్ విప్పి, లోపల ఏ పొర పాడైందో చూసి చెప్పడం నా పని. వచ్చే ఫిర్యాదులు దాదాపు రెండే రకాలు. ఒకటి, "పరుపు మధ్యలో గుంట పడింది." రెండోది, "గుంటేమీ లేదు, చూడటానికి కొత్తదానిలాగే ఉంది, కానీ పొద్దున లేచేసరికి నడుము పట్టేస్తోంది." మొదటి రకం వాళ్లకు ఎలాగోలా న్యాయం జరుగుతుంది. రెండో రకం వాళ్ల మాట ఎవరూ నమ్మరు, ఒక్కోసారి ఇంట్లోవాళ్లు కూడా. మెమరీ ఫోమ్ (ఒంటి బరువుకు, వేడికి ఒదిగి, వదిలేస్తే నెమ్మదిగా పాత ఆకారానికి వచ్చే ఫోమ్) ఎలా పాతబడుతుందో తెలిస్తే వాళ్ల మాటలో చాలా నిజం ఉందని అర్థమవుతుంది. అందుకే ముందు అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: పైకి చదునుగా ఉంటే పరుపు బాగున్నట్టే

ఫోమ్ అంటే కంటికి సరిగా ఆనని చిన్న చిన్న గదుల సముదాయం. ఆ గదుల గోడలు, వాటిని పట్టి ఉంచే సన్నటి కాడలే మన బరువు మోసేది. రోజూ రాత్రి ఏడెనిమిది గంటలు ఒకే చోట బరువు పడుతుంది, ఒంటి వేడి తగులుతుంది, చెమట తేమ దిగుతుంది. కొన్నేళ్లకు గోడలు చిట్లుతాయి, కాడలు సత్తువ కోల్పోతాయి. అయినా బరువు తీసేశాక ఫోమ్ దాదాపు పాత ఎత్తుకి వచ్చేస్తుంది. చూసేవాళ్లకు తేడా ఏమీ కనబడదు. పడుకున్నప్పుడు మాత్రం తుంటి ఇదివరకటికంటే లోతుగా దిగి, కింద ఉన్న గట్టి పొరను తాకుతుంది. వెన్ను ఆ మేరకు వంగిపోతుంది.

ఎత్తు తగ్గడం వేరు, బలం తగ్గడం వేరు. ల్యాబ్‌లో కూడా వీటిని విడివిడిగానే కొలుస్తారు. ఐఎస్ఓ 3385 అనే పరీక్షలో ఫోమ్ ముక్కను 750 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 76 కిలోల బరువుతో, 80,000 సార్లు నొక్కుతారు. ఆ తర్వాత ఎత్తు ఎంత తగ్గింది, గట్టిదనం ఎంత తగ్గింది అని రెండు లెక్కలు రాస్తారు. ఎత్తు కొద్దిగానే తగ్గి, గట్టిదనం అంతకు మించి తగ్గడం మామూలుగా చూసేదే.

ఇంట్లో చూసుకోవాలంటే ఒక దారి ఉంది. దుప్పటి తీసేసి పరుపును కొన్ని గంటలు ఖాళీగా వదిలేయండి. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు దారం బిగించి పట్టుకుని, బాగా లోతుగా ఉన్న చోట స్కేలు పెట్టి కొలవండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అసలు విషయం దీని తర్వాతే తెలుస్తుంది. ఒక అడుగు చదరం చెక్క పలక తీసుకుని, దాని మీద 20 కిలోల బరువేదైనా పెట్టి, మీ తుంటి ఆనే చోట ఉంచండి. ఐదు నిమిషాలయ్యాక ఎంత దిగిందో కొలవండి. తర్వాత అదే బరువును ఎవరూ పడుకోని చోట పెట్టండి. ఇద్దరు పడుకునే పరుపైతే మధ్యలో ఉండే జాగా, లేదంటే కాళ్ల చివర, అంచుకు కాస్త లోపలగా. రెండు కొలతలూ ఒకే పూట, ఒకే గదిలో తీసుకోవాలి. వాడని చోటు మీ పరుపు కొత్తలో ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం. రెండు చోట్లా ఫోమ్ ఒకటే కదా, తుంటి దగ్గర స్పష్టంగా ఎక్కువ దిగితే ఆ తేడా వాడకం వల్ల వచ్చిందే. దారం పెట్టి చూసినప్పుడు గుంట కనబడకపోయినా సరే.

కొన్న మొదటి కొన్ని వారాల్లో కాస్త మెత్తబడటం మాత్రం సహజం. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: పదేళ్ల వారంటీ ఉందంటే పదేళ్లు హాయిగా పడుకోవచ్చు

వారంటీ కాగితం చదివితే చాలావాటిలో ఒక కొలత ఉంటుంది. ఎవరూ పడుకోనప్పుడు గుంట ఇంత లోతు ఉంటేనే లోపంగా ఒప్పుకుంటాం అని. అది సాధారణంగా రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. రెండు సెంటీమీటర్లకు, నాలుగు సెంటీమీటర్లకు తేడా చిన్నదేం కాదు, నడుముకు బాగా తెలుస్తుంది. "వాడకం వల్ల మెత్తబడటం లోపం కాదు" అనే వాక్యం కూడా చాలా కాగితాల్లో ఉంటుంది. అంటే నేను పైన చెప్పిన రెండో రకం ఫిర్యాదు మొత్తం వారంటీ బయటే ఉండిపోతుంది. కొనేవాళ్లకు ఇది ముందే చెప్పాలని నా గట్టి అభిప్రాయం. మచ్చలు పడినా, మంచం సరిగ్గా లేకపోయినా వారంటీ చెల్లదని కూడా రాసి ఉంటుంది. ప్రొటెక్టర్, అంటే మచ్చలు పడకుండా పరుపు మీద తొడిగే కవర్, వేసుకోమని అందరికీ చెప్పేది ఇందుకే.

మంచి మెమరీ ఫోమ్ పరుపు ఏడు నుంచి పదేళ్లు సుఖంగా నడుస్తుంది. నాసిరకం ఫోమ్ మూడు నాలుగేళ్లకే చేతులెత్తేస్తుంది. వారంటీలో ఎన్నేళ్లు రాశారన్నదాన్ని బట్టి ఇది తేలదు.

అపోహ: గట్టిగా ఉండే పరుపు ఎక్కువ కాలం వస్తుంది

గట్టిదనం వేరు, డెన్సిటీ వేరు. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో అది డెన్సిటీ. మన్నిక గురించి ముందుగా అడగాల్సింది దీన్నే. మెమరీ ఫోమ్‌లో 50 కంటే తక్కువైతే తేలిక రకం, 80కి అటూ ఇటూ ఉంటే బరువైన రకం. డెన్సిటీ ఎక్కువున్న ఫోమ్‌ను మెత్తగానూ చేయొచ్చు, తక్కువున్నదాన్ని గట్టిగానూ చేయొచ్చు. షాపులో చేత్తో నొక్కి చూస్తే గట్టిదనమే తెలుస్తుంది.

తూకంతో చూస్తే విషయం తేలిపోతుంది. 190 సెంటీమీటర్ల పొడవు, 150 వెడల్పు, 5 మందం ఉన్న పొర తీసుకుందాం. 50 డెన్సిటీ అయితే ఆ పొర ఏడు కిలోల పైచిలుకు ఉంటుంది. 80 అయితే పదకొండు కిలోలు దాటుతుంది. ఆ నాలుగు కిలోలూ అదనంగా పడిన పదార్థం. మన బరువును ఏళ్ల తరబడి పంచుకునేది అదే. అమ్మేవాళ్లు మొత్తం పరుపు మందం చెబుతారు కానీ, అందులో మెమరీ ఫోమ్ పొర ఎంత, దాని డెన్సిటీ ఎంత, కింది పొర డెన్సిటీ ఎంత అన్నది అడిగితేగానీ చెప్పరు. అడగండి. కింది పొర గురించి మరీ అడగండి. గుంట పడిందని వచ్చిన పరుపుల్లో మెమరీ ఫోమ్ శుభ్రంగా ఉండి, దాని కింద వేసిన చవక ఫోమ్ చచ్చిపోయి ఉండటం నేను తరచుగా చూసేదే.

పాత పరుపు మెత్తబడి నడుము నొప్పి వచ్చిందని, ఈసారి చెక్కలాంటి పరుపు కొనేవాళ్లు ఉంటారు. 2003లో లాన్సెట్ పత్రికలో స్పెయిన్ వైద్యుల పరిశోధన ఒకటి వచ్చింది. దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మంది మీద చేశారు. బాగా గట్టి పరుపు మీద పడుకున్నవాళ్ల కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్నదాని మీద పడుకున్నవాళ్లకే ఎక్కువ ఉపశమనం దొరికింది. కొనేముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది. నొప్పి వారాల తరబడి తగ్గకపోతే మాత్రం పరుపు మార్చి ఊరుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

అపోహ: చేతి ముద్ర ఎంతసేపు నిలిస్తే ఫోమ్ అంత మేలురకం

ఆ ముద్ర ఎంతసేపు ఉంటుందన్నది ఫోమ్ తయారీ మీద, గది వేడి మీద ఆధారపడుతుంది. ఒకే పరుపు మీద చల్లటి పొద్దున ఎక్కువసేపు, మధ్యాహ్నం తక్కువసేపు నిలుస్తుంది. చలికాలం రాగానే "పరుపు బిగుసుకుపోయింది, పాడైంది" అని ఫోన్లు వచ్చేదీ ఇందుకే. మెమరీ ఫోమ్ చల్లదనానికి గట్టిపడుతుంది, వేడికి మెత్తబడుతుంది. గది వెచ్చబడ్డాక మళ్లీ మామూలైపోతే అది పాడైనట్టు కాదు.

అపోహ: ఇది నాసా టెక్నాలజీ, అంత తేలిగ్గా పాడవదు

పుట్టుక వరకు నిజమే. 1966లో నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం చార్లెస్ యోస్ట్ అనే ఇంజినీరు విమానం సీట్ల కుషన్లకని దీన్ని తయారుచేశారు. పరుపుగా స్వీడన్‌లో బజారుకొచ్చింది 1991లో. ఆ చరిత్రకూ, ఇవాళ మీ మంచం మీద ఉన్న ఫోమ్ డెన్సిటీకీ సంబంధం లేదు.

అపోహ: అప్పుడప్పుడు ఎండలో వేస్తే పరుపు మళ్లీ లేస్తుంది

దూది పరుపు ఎండకు పొంగుతుంది. ఫోమ్‌కు ఆ గుణం లేదు. నేరుగా ఎండ తగిలితే ఫోమ్ పైభాగం పసుపుపచ్చగా మారి, పెళుసుబారి, గోకితే పొడి రాలుతుంది. గాలి ఆడాలనుకుంటే కిటికీలు తీసి, నీడలో నిలబెట్టి, ఫ్యాన్ వేయండి చాలు. పసుపు రంగు ఒక్కటే చూసి పరుపు పారేయాల్సిన పని కూడా లేదు. గాలి తగిలినా ఈ ఫోమ్ రంగు మారుతుంది. బలం తగ్గిందా లేదా అన్నది బరువు పెట్టి చూసే పరీక్షే చెప్పాలి.

నీళ్ల సంగతి ఇంతకంటే గట్టిగా చెప్పాలి. ఫోమ్‌ను కడగకూడదు. తడి లోపలికి దిగితే ఆరడానికి రోజులు పడుతుంది, బూజు వాసన పట్టిందంటే వదలదు. తడిసిన బరువుకు, ఎత్తబోతే చిరుగుతుంది కూడా. వేడి, తేమ కలిస్తే ఫోమ్ బలం త్వరగా తగ్గుతుంది, కాబట్టి ఆవిరితో శుభ్రం చేసే యంత్రాలూ వద్దు. ఏదైనా ఒలికితే పొడిగుడ్డతో అద్ది తీసేయండి, రుద్దకండి. తర్వాత కొద్దిగా సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఫ్యాన్ కింద ఉంచండి. కవర్‌కు జిప్ ఉంది కదా అని విప్పేయకండి. లేబుల్ మీద ఉతకొచ్చని ఉంటేనే విప్పండి.

అపోహ: పరుపు తిరగేస్తూ ఉండాలి

ఎక్కువ మెమరీ ఫోమ్ పరుపులకు ఒకవైపే పడుకునే పొర ఉంటుంది. బోర్లిస్తే గట్టి పొర పైకి వస్తుంది. తలవైపును కాళ్లవైపుకు మార్చండి, మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి. ఇప్పటికే పడ్డ గుంట దీనివల్ల పోదు. పడేది మాత్రం ఒకే చోట పడకుండా ఉంటుంది.

అపోహ: గుంట పడితే కింద ప్లైవుడ్ వేసినా, పైన టాపర్ వేసినా సరిపోతుంది

ముందు పరుపు తీసి మంచం చూడండి. పట్టీల మధ్య ఖాళీ ఏడెనిమిది సెంటీమీటర్లు దాటినా, మధ్యలో ఒక పట్టీ విరిగినా ఫోమ్ ఆ సందుల్లోకి దిగి ఒంగిపోతుంది. పరుపును నేల మీద పరిచి రెండు రాత్రులు పడుకుని చూడండి. తేడా తెలిస్తే తప్పు మంచానిదే, ప్లైవుడ్ అక్కడ నిజంగా పనికొస్తుంది. గాలి ఆడేలా దానికి రంధ్రాలు పెట్టించుకోండి, లేకపోతే అడుగున చెమ్మ చేరుతుంది. ఫోమే మెత్తబడితే ప్లైవుడ్ ఏమీ చేయలేదు. టాపర్, అంటే పరుపు మీద పరిచే పల్చటి పొర, కూడా గుంట ఆకారంలోకే ఒదిగిపోతుంది. చదునుగా ఉండి కాస్త గట్టిగా అనిపించే పరుపుకైతే టాపర్ బాగా పనిచేస్తుంది.

అపోహ: పదేళ్లకు నల్లుల్లాంటి పురుగులు, దుమ్ము చేరి పరుపు బరువు రెట్టింపవుతుంది

పరుపులో దుమ్ము పురుగులు ఉండే మాట నిజం, మెమరీ ఫోమ్ పరుపులోనూ ఉంటాయి. బరువు రెట్టింపయ్యే మాట మాత్రం ఒట్టిది.

అపోహ: మాకు పనికిరాని పరుపు పిల్లలకు పనికొస్తుంది

కాస్త ఎదిగిన పిల్లలు తేలిగ్గా ఉంటారు కాబట్టి మెత్తబడిన ఫోమ్‌లో అంతగా దిగరు. పరుపు చదునుగా, పొడిగా, వాసన లేకుండా ఉంటే వాళ్లకు ఇవ్వడంలో తప్పు లేదు. ఏడాదిలోపు పసిపిల్లలను మాత్రం మెమరీ ఫోమ్ మీద, కొత్తదైనా పాతదైనా, పడుకోబెట్టకండి. బోర్లా పడ్డ బిడ్డ ముఖం మెత్తటి ఫోమ్‌లోకి దిగితే ఊపిరి ఆడదు, తల పక్కకు తిప్పుకుని బయటపడే సత్తువ ఆ వయసుకు చాలకపోవచ్చు. వాళ్లకు చదునుగా, గట్టిగా ఉండే పసిపిల్లల పరుపే వేయాలి, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి ఒక్కటి చాలు.