ఖడ్గమృగం కొమ్ము గిన్నె: వేట వెనుక ఉన్న పాత నమ్మకం

2021 సెప్టెంబర్ 22న అస్సాంలోని బొకాఖాత్‌లో ప్రభుత్వం 2,479 ఖడ్గమృగం కొమ్ములను అందరి ముందూ తగలబెట్టింది. దశాబ్దాలుగా ట్రెజరీల్లో పోగుపడిన సరుకు అది. చనిపోయిన జంతువుల నుంచి తీసినవి కొన్ని, వేటగాళ్ల దగ్గర పట్టుకున్నవి కొన్ని. వాటిని అమ్మి, ఆ డబ్బుతో అడవిని కాపాడొచ్చు కదా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. జవాబు కావాలంటే అసలు ఈ కొమ్ముకు అంత విలువ ఎలా వచ్చిందో తెలియాలి. దానికి పెద్ద కారణం, దాంతో చేసిన తాగే గిన్నె.

క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో పర్షియా రాజు కొలువులో క్టీసియస్ అనే గ్రీకు వైద్యుడు ఉండేవాడు. మన దేశానికి ఎప్పుడూ రాలేదు, విన్నవే రాశాడు. ఇండియాలో ఒంటికొమ్ము అడవిగాడిదలు ఉంటాయని, వాటి కొమ్ముతో చేసిన గిన్నెలో తాగినవాళ్లకు మూర్ఛ రాదని, విషం ఎక్కదని ఆయన రాత. ఆ గాడిద వర్ణనలో ఖడ్గమృగం ఛాయలు ఉన్నాయని చాలామంది పండితుల అభిప్రాయం. యూరప్‌ను శతాబ్దాల పాటు ఊరించిన యూనికార్న్ కథకు మూలాల్లో ఇదొకటి.

చైనాలోనూ ఇలాంటి నమ్మకమే ఉండేది. విషం కలిసిన దాన్ని ఈ కొమ్ముతో కలిపితే తెల్లటి నురగ వస్తుందని నాలుగో శతాబ్దంలో గె హొంగ్ అనే చైనా పండితుడు రాశాడు. ఎవరు ఎప్పుడు విషం పెడతారో తెలియని రాజులకు, జమీందార్లకు అలాంటి గిన్నె ఎంత ధైర్యమో ఊహించుకోవచ్చు.

ఇక పనితనం. గేదె, ఆవు కొమ్ముల లోపల ఎముక ఉంటుంది. దాన్ని తీసేస్తే బోలు గొట్టం మిగులుతుంది, వేడి చేస్తే మెత్తబడి వంగుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని సంభల్‌లో, ఒడిశాలోని పర్లాకిమిడిలో కొమ్ముపనివాళ్లు ఈ గుణం మీదే బతికారు. ఖడ్గమృగం కొమ్ము అలా కాదు. లోపల ఎముకే ఉండదు. వెంట్రుకల్లాంటి సన్నటి పోగులు కలిసి గట్టిపడిన దిమ్మ అది. మన గోళ్లలో ఉండే కెరటినే అందులోనూ ఉంటుంది. ముక్కుకు అంటుకునే అడుగువైపు కాస్త గుంటగా ఉంటుంది. చైనా పనివాళ్లు కొమ్మును తలకిందులు చేసి ఆ గుంటనే గిన్నె నోరుగా తొలిచారు. సన్నటి కొసను కోసి, చిల్లులు పెట్టి చెక్కి, నిలబడేలా పాదం చేశారు. తామరాకు, మాగ్నోలియా పువ్వు, డ్రాగన్ ఎక్కువగా కనిపించే ఆకారాలు. పైన ముదురు రంగు పూసేవారు. మింగ్ రాజవంశం చివర, చింగ్ రాజవంశం మొదట్లో, అంటే పదిహేడో శతాబ్దం ప్రాంతంలో, ఈ పని తారస్థాయికి చేరింది. రాలిన పొట్టు కూడా మందు కింద అమ్ముడయ్యేది.

అసలుదో నకిలీదో తేల్చేందుకు ఇప్పటికీ మొదట చూసేది ఆ పోగులనే. కొమ్మును అడ్డంగా కోసిన చోట అవి సూదిమొనల్లాంటి చుక్కలుగా కనిపిస్తాయి. గేదె కొమ్ములో ఆ చుక్కలు ఉండవు.

మన దగ్గరా గిన్నె ఉంది. శ్రాద్ధ, తర్పణాలకు ఖడ్గపాత్ర, అంటే ఈ కొమ్ముతో చేసిన పాత్ర, శ్రేష్ఠమని ధర్మశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. పదహారో శతాబ్దం మొదట్లో పెషావర్ వైపు ఖడ్గమృగాలను వేటాడిన బాబర్, ఒక పెద్ద కొమ్ముతో తాగే పాత్ర, పాచికల పెట్టె చేయించిన సంగతి రాసుకున్నాడు. ఈ మోజు యూరప్‌కూ పాకింది. ప్రాగ్‌లో రుడాల్ఫ్ చక్రవర్తి కొలువులో నికొలాస్ ఫాఫ్ 1611లో చెక్కిన కొమ్ము పాత్ర వియన్నా మ్యూజియంలో ఉంది. పనితనం ముందు చేతులెత్తి మొక్కాల్సిందే. దాని కోసం పోయిన ప్రాణం మాత్రం నా కళ్ల ముందు నుంచి పోదు.

సింధు ముద్రల మీద కనిపించే జంతువు, బాబర్ పెషావర్‌లో వేటాడిన జంతువు, ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే నాటికి మన దేశంలో బ్రహ్మపుత్ర లోయలో, ఉత్తర బెంగాల్‌లో కొద్దిపాటి గుంపులుగా మిగిలింది. తెల్లదొరల సరదా వేట, టీ తోటల కోసం గడ్డిమైదానాలు దున్నేయడం దీనికి పెద్ద కారణాలు. కొమ్ము ధర వాటికి తోడైంది. 1905లో కాజీరంగా రక్షణకు తొలి అడుగు పడింది. 1972లో వన్యప్రాణి చట్టం, 1977లో అన్ని ఖడ్గమృగాల కొమ్ముల మీద అంతర్జాతీయ వ్యాపార నిషేధం వచ్చాయి. చైనా 1993లో తన దేశంలోనూ అమ్మకం ఆపేసి, అధికారిక మందుల జాబితా నుంచి కొమ్మును తీసేసింది.

అయినా డిమాండ్ చావలేదు. వియత్నాంలో క్యాన్సర్ తగ్గుతుందన్న పుకారు లేచింది. అక్కడ కొమ్మును అరగదీయడానికి గరుకు అడుగు ఉన్న పింగాణీ గిన్నెలు అమ్ముతారు. ఆ దేశపు చివరి జావా ఖడ్గమృగం 2010లో కొమ్ము కోసేసిన కళేబరంగా దొరికింది. 2014 ఒక్క ఏడాదిలో దక్షిణాఫ్రికాలో 1,215 ఖడ్గమృగాలను వేటగాళ్లు చంపారు. మ్యూజియంలనూ వదల్లేదు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో వందేళ్లకు పైగా నిలబడి ఉన్న రోజీ అనే, చనిపోయాక చర్మంలో కూరి నిలబెట్టిన భారతీయ ఖడ్గమృగం కొమ్మును 2011లో దొంగలు విరగ్గొట్టి పట్టుకుపోయారు.

పాత గిన్నెల వ్యాపారం అన్నిటికంటే చిక్కు సమస్య. పురాతన వస్తువులకు చాలా దేశాల చట్టాల్లో కొంత వెసులుబాటు ఉంది. అమెరికా అధికారులు 2011లో మొదలుపెట్టిన ఆపరేషన్ క్రాష్ అనే దర్యాప్తులో ఈ గుట్టు బయటపడింది. వేలంలో కొన్న కొమ్ములను దొంగ కాగితాలతో చైనా చేర్చి, అక్కడ గిన్నెలుగా చెక్కించి, పాతకాలం నాటివని అమ్మేవారు. ప్రభుత్వమే కొమ్ము అమ్మకానికి పెడితే, ఏది చట్టబద్ధమైన సరుకో ఏది నిన్న రాత్రి చంపి తెచ్చిందో చెప్పడం ఇంకా కష్టమవుతుంది. పైగా కొమ్ములో ఏదో మహిమ ఉందన్న మాటకు సర్కారు ముద్ర పడుతుంది. అందుకే అస్సాం పని సరైనదని నా నమ్మకం. ఆ మరుసటి ఏడాది, 2022లో, రాష్ట్రంలో ఒక్క ఖడ్గమృగం కూడా వేటకు బలికాలేదు. 1977 తర్వాత అలాంటి ఏడాది అదే మొదటిది. కొమ్ములు కాల్చినందుకే ఇలా జరిగిందని అనను. సాయుధ గస్తీ, పోలీసు నిఘా దాని వెనుక ఉన్నాయి. గస్తీ కాపలా అడవి వరకే. వేలం హాళ్లలో గిన్నె వయసు నిరూపించే బాధ్యత అమ్మేవాడి మీదే పెట్టడం అన్ని దేశాలూ చేయాల్సిన పని.