జీపులో బెలుం గుహ

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కడప నుంచి రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాటు ఎక్కుతున్నాం. బండి మా మామది, ముప్పై ఏళ్లు దాటిన డీజిల్ జీపు. రెండు మలుపులు తిరిగేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. మూడో మలుపులో బానెట్ సందుల్లోంచి ఆవిరి. పక్కకు ఆపి దిగాం. మామ టవలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ముప్పై ఏండ్లుగా నేనే తిప్పుతాండా, నువ్వు నాకు చెప్తావా?" అన్నాడు. అన్నాడే గానీ ఆగాడు.

ఆ మూత ఉత్త మూత కాదు. లోపల స్ప్రింగు ఉంటుంది. మామ జీపులాంటి పాత బండ్లలో అది సగం వాతావరణ పీడనం దాకా అదనంగా పట్టి ఉంచుతుంది. అప్పుడు నీళ్లు 100 దగ్గర కాకుండా 111 డిగ్రీల దగ్గర గానీ మరగవు. కుక్కర్ కిటుకే ఇది. ఇప్పుడు లెక్క చూడండి. లోపల 8 లీటర్ల నీళ్లు 110 డిగ్రీల మీద ఉన్నాయి. మూత తీయగానే పీడనం పోతుంది, నీళ్లు 100కి దిగిపోవాలి. మిగిలిన ఆ పది డిగ్రీల వేడితో దాదాపు 150 గ్రాముల నీళ్లు ఒక్కసారిగా ఆవిరవుతాయి. 150 గ్రాములేగా అనుకోకండి. ఆవిరిగా మారితే అది సుమారు 250 లీటర్ల చోటు అడుగుతుంది. బయటికి పోవడానికి దానికున్న దారి మూత తిప్పినవాడి ముఖం మీదుగానే.

ముక్కాలు గంట చెట్టు కింద కూర్చున్నాం. మూత చేతికి వేడి తగలనంత చల్లారాక, ఇంజన్ స్టార్ట్ చేసి మెల్లగా నడవనిస్తూ, కొంచెం కొంచెంగా నీళ్లు పోశాం. కాలి ఉన్న పోత ఇనుముమీద ఒకేసారి బిందెడు చల్లనీళ్లు పోస్తే సిలిండర్ హెడ్ చీలిపోవచ్చు. అప్పుడు అయ్యే ఖర్చు ముందు రేడియేటర్ ఖర్చు చిల్లర కిందే లెక్క.

ఘాటులోనే ఎందుకు మరిగింది? ఇంజన్‌లో కాలిన డీజిల్ ఇచ్చే శక్తిలో సుమారు మూడో వంతే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. ఇంకో మూడో వంతు పొగతో పాటు సైలెన్సర్ దారిన పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని మోయాల్సింది నీళ్లే. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ ఎక్కువ కాలుతుంది, బండి మాత్రం నత్తలా పోతుంది కాబట్టి ఎదురుగాలి ఉండదు. ఉన్న గాలి కూడా కడప గాలి. రేడియేటర్ వదిలే వేడి, నీళ్లకూ గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. 90 డిగ్రీల నీళ్లకు చలికాలపు 25 డిగ్రీల గాలి తగిలితే తేడా 65. మే నెల 45 డిగ్రీల గాలి తగిలితే 45 మాత్రమే. అంటే ఎండాకాలంలో అదే రేడియేటర్ మూడో వంతు పని మానేసినట్టు. అన్నట్టు, రేడియేటర్ అనే పేరే పొరపాటు. వికిరణంతో అది వదిలే వేడి తక్కువ, దాని రెక్కల మధ్య నుంచి దూసుకుపోయే గాలి మోసుకుపోయేదే ఎక్కువ.

సరే, ఘాటూ ఎండా ముప్పై ఏళ్ల కిందటా ఉన్నాయి. ఇదే జీపు అప్పుడు ముక్కకుండా ఎక్కేది. మరి ఇప్పుడేమైంది?

జవాబు మర్నాడు కడపలో ఒక రేకుల షెడ్డులో దొరికింది. రేడియేటర్లు బాగుచేసే భాయ్ మా దాన్ని విప్పి, అతుకుల మీద మంట పట్టి, పైట్యాంకు ఊడదీశాడు. కింద వరసగా సన్నని ఇత్తడి గొట్టాల మూతులు కనబడాలి. మూడింట ఒకటి కనబడలేదు. తెల్లగా, కాస్త తుప్పు రంగుతో పూడిపోయి ఉన్నాయి.

"యా నీళ్లు పోస్తాండారు సార్?"

"బోరు నీళ్లే, ఇంకేం పోస్తాం" అన్నాడు మామ.

భాయ్ స్క్రూడ్రైవర్‌తో గీకి గోరంత పెచ్చు ఊడబెరికి నా అరచేతిలో పెట్టాడు. "మీ ఇంట్లో పరిచిందే సార్. కడప బండ."

ఆయన హాస్యానికి అన్నా, రసాయన శాస్త్రం ప్రకారం అక్షరాలా నిజం. కడప నల్లబండ సున్నపురాయి, అంటే ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్. వాననీరు మట్టిలోకి ఇంకుతూ అక్కడి కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీళ్లు సున్నపురాయి మధ్యగా పోతూ రాతిని కరిగించి బైకార్బొనేట్ రూపంలో తమతో తీసుకుపోతాయి. కంటికి తేటగానే ఉంటాయి, అందులో రాయి ఉందని ఎవరికీ అనిపించదు. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు మూడు కిలోమీటర్ల పైన భూమి లోపల తొలుచుకుపోయింది ఇలాగే. అదే నీటిచుక్క గుహ పైకప్పుకు వేలాడుతూ ఆ కార్బన్ డయాక్సైడ్ గ్యాసును గాలిలోకి వదిలేస్తే, కరిగిన రాయి మళ్లీ రాయై అక్కడే మిగిలిపోతుంది. వేల ఏళ్లకు ఊడలా దిగుతుంది.

రేడియేటర్ కూడా గుహే. కాకపోతే దానికి వేల ఏళ్ల ఓపిక లేదు. నీళ్లు వేడెక్కగానే గ్యాసు వెళ్లిపోతుంది, రాయి పేరుకుంటుంది. ఇక్కడో తిరకాసు ఉంది. పంచదార వేడినీళ్లలో ఎక్కువ కరుగుతుంది కదా, ఈ రాయి దానికి తలకిందులు. నీళ్లు ఎంత వేడైతే అంత తక్కువ కరుగుతుంది. కాబట్టి ఎక్కడ ఇనుము అన్నింటికన్నా వేడిగా ఉందో అక్కడే, అంటే సిలిండర్ల చుట్టూ, ముందు పేరుకుంటుంది. బాత్రూంలో హీటర్ రాడ్ మీద తెల్లటి పెచ్చు కట్టేది చూడనివాళ్లు సీమలో ఉండరు. అదీ ఇదీ ఒకటే.

ఎంత రాయి? తాగునీటి కాఠిన్యానికి, అంటే నీళ్లలో కరిగిన ఇలాంటి రాయికి, మన ప్రమాణాలు లీటరుకు 200 మిల్లీగ్రాములు మంచిదంటాయి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటాయి. మామ బోరు నీళ్లు 400 అనుకుందాం. ఆయన రోజూ పొద్దున్నే లీటరు పోస్తాడు, ఏడాదికి 146 గ్రాములు. అదంతా పెచ్చు కట్టదు, లీకులో కొంత బయటికే పోతుంది. సగమే మిగిలిందనుకున్నా పదేళ్లకు ముప్పావు కిలో. రాగి ఈ రాయి కంటే సుమారు నూటయాభై రెట్లు సులువుగా వేడిని పంపుతుంది. అంటే ఒక మిల్లీమీటరు పెచ్చు, వేడికి అడ్డుపడటంలో, సుమారు 15 సెంటీమీటర్ల మందం రాగిదిమ్మతో సమానం.

రాగి, ఇత్తడి రేడియేటర్ల గొప్పతనం ఏమిటంటే అవి విప్పి చూసుకోనిస్తాయి. తగరం సీసం కలిపిన టంకం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, రాగి కరగాలంటే 1085 కావాలి. మధ్యలో అంత జాగా ఉంది కాబట్టే భాయ్ మంట పెట్టి ట్యాంకు ఊడదీయగలిగాడు. సన్నటి రాడ్డు ఒక్కో గొట్టంలో దూర్చి పెచ్చు తోశాడు. మళ్లీ టంకం వేసి, మూతులు బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టాడు. రెండు చోట్ల బుడగలొచ్చాయి. ఆ రెండు గొట్టాలనూ శాశ్వతంగా మూసేశాడు. "ఇంకోసారికి ఆగదు సార్, కోర్ మార్చాల" అని ముందే చెప్పాడు. కోర్ అంటే గొట్టాలూ రెక్కలూ ఉండే మధ్యభాగం. రెక్కలు వేలితో రాస్తే పొడిగా రాలుతుంటే మాత్రం రిపేరుకు డబ్బు పెట్టడం దండగ. కొత్త బండ్లలో వచ్చే అల్యూమినియం, ప్లాస్టిక్ రేడియేటర్లకు ఈ వైద్యం పనికిరాదు. అల్యూమినియం మీద గాలికే ఏర్పడే ఆక్సైడ్ పొరకు మామూలు టంకం అంటదు, ప్లాస్టిక్ ట్యాంకు మంటకు ఆగదు. అవి మార్చుకోవాల్సిందే.

ఇంకోటి బయటపడింది. ఎవరో ఎప్పుడో థర్మోస్టాట్ పీకేశారు. "అది లేకుంటే చల్లగుంటాది" అని చాలామంది మెకానిక్కుల నమ్మకం. అందులో మైనం ఉంటుంది. సుమారు 82 డిగ్రీల దగ్గర కరిగి, ఉబ్బి, రేడియేటర్‌కు దారి తెరుస్తుంది. వేడి ఇంజన్‌లో అది ఎలాగూ తెరుచుకునే ఉంటుంది, పీకేసి కొత్తగా ఒరిగేదేం లేదు. పొద్దున ఇంజన్ వేడెక్కడం మాత్రం ఆలస్యమై డీజిల్ తాగుతుంది.

ఇప్పుడు మామ జీపులో సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. పైన కలపడానికి ఏసీ నుంచి కారే నీళ్లు క్యానులో పట్టి పెట్టుకుంటాడు. అది గాలిలోని ఆవిరి చల్లబడి దిగిన నీరు, రాయి ఉండదు. కూలెంట్ అచ్చంగా పోస్తే ఇంకా మంచిదేమో అని అడిగాడు. కాదు, వేడిని మోయడంలో నీళ్లను మించింది లేదు. మరుగు స్థానం పెంచి తుప్పు ఆపడానికే కూలెంట్. అది తియ్యగా ఉండే విషం, పిల్లలకూ కుక్కలకూ అందకుండా పెట్టమన్నాను.

ఆ పెచ్చును నేను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను. సాసర్‌లో పెట్టి నిమ్మరసం పిండితే చిన్నచిన్న బుడగలు లేచాయి. రాయి పట్టి ఉంచిన గ్యాసు అది. భాయ్ మాట పరీక్షిద్దామని వంటింటి గట్టు మీద కడప బండకూ ఓ చుక్క వేసి మర్చిపోయాను. పొద్దున చూస్తే అక్కడ నునుపు పోయి, రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ పడింది. మా అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది, ఎవరు చేశారని.