టెస్టర్ వెలగలేదని చెయ్యి పెట్టొద్దు

మొన్న గుణుపురం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. వాళ్ల తాతగారు మెలోడీ పార్టీలో వాయించిన నాటి వాల్వుల (వేడెక్కి పనిచేసే గాజు గొట్టాల) గిటార్ ఆంప్లిఫయర్ గుయ్యిమంటోందట. "ప్లగ్ పీకేశానండీ. టెస్టర్ పెట్టినా వెలగలేదు. ఇక విప్పేయొచ్చు కదా?" పర్లాకిమిడిలో షాపు పెట్టిన దగ్గర్నుంచి ఇదే మాట. విన్నప్పుడల్లా నాకు టెన్షనే.

అపోహ: ప్లగ్ పీకితే కరెంటు పోయినట్టే.

వాస్తవం: ఈ వాల్వులకు 300 నుంచి 450 వోల్టుల దాకా డీసీ కావాలి. ఆ డీసీని సాఫీ చేసే ఫిల్టర్ కండెన్సర్లు పట్టుకున్న చార్జ్, దాన్ని మెల్లగా దింపేసే బ్లీడర్ రెసిస్టర్ లేకపోతే, ప్లగ్ తీసినా చాలాసేపు ఉండిపోవచ్చు. మరి టెస్టర్? ప్లగ్ పీకాక ఛాసీకీ, అంటే లోపలి లోహపు చట్రానికీ, భూమికీ సంబంధం ఉండదు. మీ ఒంట్లోంచి కరెంటు తిరిగొచ్చే దారే లేదు, ఇంకెలా వెలుగుతుంది? ఒక చెయ్యి ఛాసీ మీద, రెండోది కండెన్సర్ మీద వేస్తే మాత్రం దారి దొరుకుతుంది, మీ గుండె మీదుగా.

మా నాన్న ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని వాల్వు రేడియోలు చేసేవారు. స్టైల్ అనుకునేవాణ్ణి. ఇంటర్‌లో ఉండగా, ఆయన భోజనానికి వెళ్లినప్పుడు రెండు చేతులూ పెట్టి స్టూలు మీంచి పడ్డాను. ఆయన తిట్టలేదు. మర్నాటి నుంచి నా చెయ్యీ జేబులోకి వెళ్లింది.

మల్టీమీటరు డీసీ 1000 వోల్టుల రేంజిలో పెట్టండి. నల్ల వైరు ఛాసీకి క్లిప్ చేసి, ఎర్రదాన్ని కండెన్సర్‌కి ఆనించి ఒంటి చేత్తో కొలవండి. చార్జ్ ఉంటే ఇన్సులేషన్ ఉన్న వైర్లు కట్టిన 10 కిలో ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌తో దింపి, మళ్లీ కొలవండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే వీరులకు నేను చెప్పగలిగేది ఏమీ లేదు.

మిగతావి గబగబా. గుయ్యిమంటే వాల్వులన్నీ మార్చక్కర్లేదు, ఎండిపోయిన కండెన్సర్లే చాలాసార్లు కారణం. స్పీకర్ పీకి ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టొద్దు. అమెరికా నుంచి తెచ్చిన 117 వోల్టులదాన్ని మన 230కి నేరుగా తగిలించొద్దు. రిపేరయ్యాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్‌లో 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి, ఎల్ఈడీ పనికిరాదు.

కుర్రాడు ఫోన్‌లో ఉండగానే మీటరు పెట్టాడు. జాగ్రత్త కోసమని స్టాండ్‌బై స్విచ్ (వాల్వులకు హై వోల్టేజీ అందకుండా ఆపేది) వేసి మరీ ప్లగ్ పీకాడట. అలా చేస్తే కొన్ని ఆంప్‌లలో మొదటి కండెన్సర్ చార్జ్ దిగనే దిగదు. పావుగంట గడిచినా 280 వోల్టులు చూపించింది.