ఒంగోలు గిత్త నెగటివ్‌కి ఏ స్కానర్ కావాలి?

ఎండలో నిలబెట్టి తీసిన ఒంగోలు గిత్త నెగటివ్‌ని కిటికీ వెలుగులో పట్టుకుని చూడండి. తెల్లటి మూపురం కటిక నల్లగా కనిపిస్తుంది. వెలుగు గట్టిగా పడ్డ చోట వెండి రేణువులు ఎక్కువగా ఏర్పడతాయి మరి. మూపురం వంపు, గంగడోలు ముడతలు అన్నీ ఆ నలుపులోనే ఉన్నాయి. వాటిని బయటికి రాబట్టడమే స్కానర్ పని.

జిరాక్స్ షాపులో ఉండే మామూలు స్కానర్‌తో ఇది కుదరదు. అది కింది నుంచి వెలుగు వేసి, కాగితం మీద పడి తిరిగొచ్చిన దాన్ని చదువుతుంది. నెగటివ్‌కైతే వెలుగు ఫిల్ము గుండా రావాలి, అంటే మూతలో కూడా లైటుండాలి. కొనేముందు అడగాల్సిన మొదటి మాట ఇదే.

ఎంత నలుపును దాటి చూడగలదో డీమ్యాక్స్ అనే అంకె చెబుతుంది. 2 అంటే పడ్డ వెలుగులో నూరో వంతే ఫిల్ము దాటి వస్తుందని, 3 అంటే వెయ్యో వంతే అని. సరిగ్గా కడిగిన నలుపు తెలుపు నెగటివ్ మామూలుగా 2 దరిదాపుల్లోనే ఉంటుంది. 3 దాటేవి ఎక్కువగా ప్రొజెక్టర్‌లో వేసి చూసే స్లైడ్లే. గిత్త కోసమైతే 4 ఉన్న స్కానర్‌కి డబ్బు పోయనక్కర్లేదు.

పెట్టె మీద 6400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో) అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఫ్లాట్‌బెడ్, అంటే గాజు పలక మీద పెట్టి మూత వేసే స్కానర్, దాని లెన్సు నిజంగా విడదీసి చూపేది అందులో సగం కూడా ఉండదు. మిగతాది ఫైలు బరువే! 2400 దగ్గర స్కాన్ చేస్తే 35 ఎంఎం ఫ్రేముకి సుమారు 77 లక్షల పిక్సెళ్లు వస్తాయి. అదే పాత స్టూడియోల వాళ్లు వాడిన 120 ఫిల్ము చదరపు ఫ్రేముకైతే దాదాపు 2.8 కోట్లు. ఇంట్లో అలాంటి పెద్ద నెగటివ్‌లుంటే ఫ్లాట్‌బెడ్ కళ్లు మూసుకుని కొనొచ్చు. ఉన్నవన్నీ 35 ఎంఎం రీళ్లే అయితే, బాగా దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్సున్న కెమెరాతో ఫోటో తీసుకోవడమే నయమంటాను.

దుమ్మును ఇన్‌ఫ్రారెడ్‌తో పట్టి చెరిపేసే సౌకర్యం కలర్ ఫిల్ముకి బాగా పనికొస్తుంది. కలర్ రంగుల గుండా ఆ కిరణాలు సాఫీగా దాటిపోతాయి, దుమ్ము దగ్గర ఆగుతాయి. వెండి కూడా వాటిని ఆపేస్తుంది కాబట్టి, నలుపు తెలుపు ఫిల్ములో గిత్తనే దుమ్మనుకుంటుంది. ఆ బటన్ ఆఫ్‌లో ఉంచండి.

మన కోస్తా ఉక్కపోతలో ఫిల్ము మీద బూజు పడుతుంది, బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొర దానికి మేత. బూజు పట్టినదాన్ని నీళ్లతో కడిగితే బొమ్మే కరిగిపోవచ్చు. వెనిగర్ వాసన కొట్టే ఫిల్ములుంటే వేరే డబ్బాలో పెట్టి, ముందు వాటినే స్కాన్ చేయండి. ఆ ఆవిరి పక్కనున్న మంచి ఫిల్ములనూ పాడుచేస్తుంది.