గ్రూపుల్లో తిరిగే కరోనా మందులు: అపోహలు – వాస్తవాలు

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో జనానికి ఆరోగ్య విషయాలు వివరించి చెప్పడం నా ఉద్యోగం. కరోనా రోజుల్లో అందులో సగం పని ఫోన్లలోకి వచ్చిపడ్డ మందుల గురించి మాట్లాడటమే అయింది. డెంగీ జ్వరాల కాలం వస్తే చాలు, అలాంటి మాటలే మళ్లీ తిరుగుతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: చెట్టు మందే కదా, హాని చేయదు.

వాస్తవం: 2020 ఏప్రిల్‌లో మన బైరెడ్డిపల్లె మండలంలోనే రెండు కుటుంబాల వాళ్లు ఉమ్మెత్త గింజలు తీసుకుని ఆసుపత్రి పాలయ్యారు. అలా చేస్తే కరోనా రాదని టిక్‌టాక్ వీడియోలో చూశారు. ఆ మాటకున్న ఆధారమల్లా ఒక్కటే: ఉమ్మెత్త కాయ గుండ్రంగా, ఒళ్లంతా ముళ్లతో, టీవీలో చూపించే వైరస్ బొమ్మలా ఉంటుంది. సకాలంలో వైద్యం అందింది కాబట్టి బతికి బయటపడ్డారు.

వాళ్లను వెర్రివాళ్లు అనడం నాకు అస్సలు నచ్చదు. ఉమ్మెత్త ఆకు వినాయక చవితి పత్రిలో ఉంటుంది, పువ్వు శివుడికి పెడతాం. పూజకు వాడే చెట్టు ప్రాణం తీస్తుందని ఎవరికి తోస్తుంది? కానీ దాని గింజల్లో అట్రోపిన్, స్కోపొలమైన్ అనే విషాలుంటాయి. నోరు పిడచగట్టుకుపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, గుండె దడదడలాడుతుంది, మనిషి ఏం మాట్లాడుతున్నాడో అతనికే తెలియదు. ఎవరైనా తిన్నారని తెలిస్తే ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. మిగిలిన గింజో కాయో ఉంటే వెంట తీసుకెళ్లండి, డాక్టరుకు పని సులువవుతుంది.

అపోహ: పనిచేయకపోతే పోనీ, కర్పూరం మూట వాసన చూస్తే పోయేదేముంది?

వాస్తవం: పోయేది టైము. నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే అపోహ ఇదే. 2021 సెకండ్ వేవ్‌లో, ఆసుపత్రిలో మంచం దొరకడమే గగనమైన ఆ రోజుల్లో, కర్పూరం, లవంగాలు, వాము గుడ్డలో మూటగట్టి పీలిస్తే ఆక్సిజన్ పెరుగుతుందని ఊరూరా మెసేజ్ తిరిగింది. మూట పీల్చినవాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు. ముక్కు తెరుచుకున్నట్టు, గాలి బాగా ఆడుతున్నట్టు నిజంగానే అనిపిస్తుంది. కర్పూరం వాసన ముక్కులోని నాడులకు ఆ అనుభూతి ఇస్తుంది. ముక్కులోంచి వెళ్లే గాలి మాత్రం పెరగదని 1983లోనే పరీక్షించి చూశారు.

పైగా కరోనాలో చిక్కు ముక్కు దగ్గర కాదు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన గాలి నుంచి ఆక్సిజన్ రక్తంలోకి చేరడం తగ్గిపోతుంది. కొందరికి ఆయాసం కూడా తెలియదు, కూర్చుని మామూలుగా మాట్లాడుతూనే ఉంటారు. రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చెప్పే ఆక్సీమీటర్ వేలికి పెడితే 88 చూపిస్తోంది, చేతిలో మూట ఉంది, ‘ఇప్పుడు బాగుందమ్మా, రేపు చూద్దాం’ అంటున్నారు. ఆ ‘రేపు’ దగ్గరే మనుషులు చేజారిపోయారు. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. బండి వచ్చేలోపు రోగిని బోర్లా పడుకోబెట్టడం నిజంగా ఉపయోగపడే పని. కేంద్ర ఆరోగ్యశాఖ కూడా అదే చెప్పింది. కర్పూరం పసిపిల్లల చేతికి అందనివ్వొద్దు, మింగితే ఫిట్స్ వస్తాయి.

అపోహ: భయపెట్టే వీడియో పంపితే జనం జాగ్రత్తపడతారు.

వాస్తవం: 2020 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే ఒకాయన ఇలాంటి వీడియోలు చూసి, తనకూ కరోనా వచ్చిందని, ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందని భయపడి ప్రాణం తీసుకున్నారు. రాష్ట్రంలో మొదటి కేసు బయటపడింది ఆ తర్వాత, మార్చి 12న. ఒక్క మనిషి ధైర్యం చెప్పి ఉంటే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అపోహ: డాక్టర్లే మాట మారుస్తున్నారు, ఇక వాళ్లను ఎలా నమ్మేది?

వాస్తవం: కోవిషీల్డ్ టీకా రెండు డోసుల మధ్య మొదట 4 నుంచి 6 వారాలన్నారు, తర్వాత 6 నుంచి 8, 2021 మేలో 12 నుంచి 16 వారాలు చేశారు. జనానికి అనుమానం రావడం సహజం. కొత్త జబ్బు విషయంలో వివరాలు వచ్చే కొద్దీ సలహా మారుతుంది. ‘ఇప్పటికి తెలిసింది ఇది, రేపు మారొచ్చు’ అని మేం ముందే చెప్పి ఉండాల్సింది. ఆ మాట చెప్పని చోటే పుకారు పుట్టింది. ఎప్పటికీ మాట మార్చని, నూటికి నూరు శాతం గ్యారంటీ ఇచ్చే మెసేజ్‌నే ముందు అనుమానించండి.

అపోహ: ‘వేలూరు పెద్ద డాక్టరు చెప్పారట’ అంటే నిజమే అయ్యుంటుంది.

వాస్తవం: ఏ డాక్టరు? పేరు, తేదీ, ఆసుపత్రి ఉన్నాయా? వాట్సాప్‌లో మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. మీకు పంపిన మనిషి మంచివాడే కావచ్చు, రాసింది ఆయన కాదు.

అపోహ: తప్పుడు మెసేజ్ పెట్టినవాళ్లను గ్రూపులోనే కడిగేయాలి.

వాస్తవం: అందరి ముందూ పరువు పోతే ఎవరూ ఒప్పుకోరు, పట్టుదలకు పోతారు. ఇంటికెళ్లో, ఫోన్ చేసో ‘మామా, మా మంచికే పంపినావు, కానీ ఇది తిన్నవాళ్లు ఆసుపత్రిలో పడ్డారు, నువ్వే తీసేయ్’ అంటే చాలామంది తీసేస్తారు. వద్దని ఊరుకోకుండా బదులుగా ఏం చేయాలో కూడా చెప్పాలి, లేకపోతే భయం అలాగే మిగిలి ఇంకో మూట వెతుక్కుంటుంది. మా ఆశా అక్కలతో నిమిషం వాయిస్ మెసేజ్‌లు మన యాసలోనే చేయించి, పుకారు తిరిగిన గ్రూపుల్లోనే వేయించాం. ప్రతి దాంట్లో ముందు అక్క పేరు, ఊరు, తేదీ, చివర ఆరోగ్య సలహాల 104 నంబరు. విన్నవాళ్లు అనుమానం వస్తే నేరుగా ఆ అక్కకే ఫోన్ చేసి అడిగారు.